గేటు దగ్గర పదమూడు

కొండ మీద పై స్టేషన్‌లో గేటు దగ్గర నిలబడి మనుషుల్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది వినేవాళ్లకి. మా చెల్లికైతే మరీను. ఇంట్లో నేను బాత్రూంలోకి వెళ్తుంటే కూడా "కండక్టరమ్మా, ఒకరే కదా లోపలికి?" అని ఏడిపించేది.

లెక్క దేనికంటే, పొద్దుట నుంచి కేబుల్ కారులో పైకి ఎంతమంది వెళ్లారో కింద స్టేషన్‌లో రాసుకుంటారు. ఎంతమంది దిగుతున్నారో పైనుంచి మేం ఫోన్లో చెబుతాం. ఆఖరి కారు కదిలేలోపు రెండూ సరిపోవాలి. ఒక్కరు తక్కువైనా కారు ఆగిపోతుంది. టార్చిలు పట్టుకుని వెయిటింగ్ రూము, బాత్రూములు, వెనక మెట్లదారి అన్నీ గాలించాలి. సరిపోతే ఏ గదిలోకీ తొంగి చూడక్కర్లేదు. షట్టర్ దించి, తాళం వేసి, అదే కారులో మేమూ దిగిపోతాం.

కిందైనా పైనైనా లెక్క కళ్లతో పెట్టం. గేటు దాటే ప్రతి మనిషి భుజం మీదా చెయ్యి వేస్తాం. "పొగమంచులో కళ్లు అబద్ధం చెబుతాయమ్మా, చెయ్యి చెప్పదు" అని ఆపరేటర్ బాబాయ్ మొదటిరోజే నేర్పాడు. ఇరవై ఏళ్లుగా అదే పనిలో ఉన్నాడాయన. డ్యూటీలో ఉన్నవాళ్లని మాత్రం లెక్కలో వెయ్యం.

ఆరోజు నాకు సెలవు. చెల్లిని నేనే లాక్కెళ్లాను. స్కూటర్ మీంచి పడి మోకాలు దెబ్బతిన్న దగ్గర్నుంచి అది గది దాటి రావడం మానేసింది. నడిస్తే బాగవుతుందని నా పిచ్చి నమ్మకం. పొద్దున కారులో పైకి వెళ్లాం. అక్కడినుంచి శిఖరం దాకా రెండు గంటల కాలిబాట. మొదటి గంట బాగానే ఉంది. ఎండ పల్చగా పడుతోంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, "ఇంకెంత దూరం? నిజం చెప్పు, నన్ను అమ్మేద్దామని తీసుకెళ్తున్నావు కదూ" అంటూ నవ్వించింది.

"నిన్నెవరు కొంటారే?"

"కాళ్లు బాగున్నప్పుడు బానే పలికేదాన్ని."

తిరుగుదారిలో మోకాలు వాచింది. మూడింటికి పొగమంచు దిగింది. పైనుంచి కాదు, లోయలోంచి లేచి, పాలు పొంగినట్టు చప్పుడు లేకుండా వచ్చింది. ముందు చెట్లు పోయాయి. తర్వాత బాట పోయింది. తడిసిన ఆకుల వాసన, దానికింద తుప్పు వాసన. మా అడుగులు మాకే వెనకనుంచి వినిపిస్తున్నట్టుంది. ఒకచోట నేను ఆగాను. చెల్లీ ఆగింది. అడుగుల చప్పుడు ఇంకో రెండు పడి, అప్పుడు ఆగింది.

"నడు," అన్నాను.

అక్కడే మాటా మాటా పెరిగింది. నొప్పంటూ అది మూలిగింది, నేను విసుక్కున్నాను. "నీ సరదా కోసం నన్ను చంపుతున్నావక్కా" అంది. "ఇంట్లోనే పడుండాల్సింది అయితే" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు.

స్టేషన్ చేరేసరికి అయిదుంబావు. ఆఖరి కారు అయిదున్నరకి. చెల్లి వెయిటింగ్ రూములో మూల బెంచీ మీద కాలు చాపుకుని కూలబడింది. రెయిన్‌కోటు టోపీ మొహం మీదకి లాక్కుంది. "పిలుస్తాలే, కూర్చో" అని నేను గేటు వైపు వచ్చేశాను. కోపం ఇంకా పోలేదు.

గేటు దగ్గర ఒకరి మొహం ఒకరికి కనిపించడం లేదు. మనుషులు నల్లటి మచ్చల్లా కదులుతున్నారు. బాబాయ్ భుజాలు తడుముతూ గొణుక్కుంటున్నాడు. "నాలుగు... అయిదు... ఆరు..."

చెల్లిని పిలుద్దామని వెనక్కి తిరగబోయాను. అప్పుడు నా చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది.

మా చెల్లి ఎప్పుడూ సారీ చెప్పదు. గొడవయ్యాక వచ్చి మాట్లాడకుండా చెయ్యి పట్టుకుంటుంది, చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే నేను తిరిగి చూడలేదు. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నాదీ అలాగే ఉంది. వేళ్లు బిగించి లోపలికి నడిచాను.

అందరూ ఎక్కాక బాబాయ్ ఫోన్లో అన్నాడు, "పదమూడు." అవతలనుంచి ఏదో చెప్పారు. "పద్నాలుగా? మళ్లీ చూడండి." మళ్లీ విన్నాడు. నా వైపు తిరిగాడు. "ఒకరు తక్కువమ్మా. వెతకాలి."

వెతకడమంటే నలభై నిమిషాలు. కారులో జనం ఉస్సురన్నారు. నాకు చలి. ఆకలి. పక్కన చెల్లికి కాలు నొప్పి. ఇప్పుడు రాసేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గేటు దాటేటప్పుడు ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. నాకు తెలుసు. అయినా నవ్వుతూ అన్నాను:

"నన్ను వదిలేసుంటావు బాబాయ్, డ్యూటీలో ఉన్నాననుకుని. నాతో కలిపితే పద్నాలుగు."

ఆయన తల గోక్కున్నాడు. "అంతేనంటావా? అలవాటు చూడు." ఫోన్లో "సరిపోయింది" అన్నాడు. దిగి వెళ్లి షట్టర్ దించాడు. తాళం వేసిన చప్పుడు వినిపించింది. వెయిటింగ్ రూములోకి తొంగి చూడలేదు. చూడక్కర్లేదు కదా.

కారు కదిలింది. అద్దాల అవతల తెల్లగా, అడుగు లేకుండా ఉంది. పైన ఇనపతాడు మీద చక్రాల కీచు. మధ్య స్తంభం దాటుతుంటే కారు ఒక్కసారి ఊగింది. అప్పుడు నా జేబులో ఫోను మోగింది.

చెల్లి నంబరు.

"అక్కా... ఎక్కడున్నావు? కన్నంటుకుంది. షట్టర్ వేసేశారేంటి... అక్కా, లైట్లు కూడా పోయాయి. పిలుస్తానన్నావు కదా."

నా చేతిలో చెయ్యి ఉంది. చల్లగా... కదలకుండా.

మెల్లగా తల తిప్పాను. రెయిన్‌కోటు. టోపీ. టోపీ కింద మా చెల్లి మొహం. అదే ముక్కు, అదే పెదవి మీద మచ్చ. నా వైపే చూస్తోంది.

"ఎవరక్కా?" గుసగుసగా అడిగింది.

ఫోన్లో ఏడుపు. "అక్కా, వినిపిస్తోందా? ఇక్కడ ఎవరో..."

కట్ చేశాను.

అవును, నేనే కట్ చేశాను. "రాంగ్ నంబర్" అన్నాను. చెల్లి తల నా భుజం మీద ఆనించింది. దాని జుట్టుకి తుప్పు వాసన.

కింద దిగాక బాబాయ్ చొక్కా పట్టుకున్నాను. "బాబాయ్, పైన... ఎవరైనా మిగిలిపోయారేమో... ఒక్కసారి వెళ్దాం."

"సరిపోయిందని నువ్వేగా చెప్పింది? ఎవరు మిగిలారే?"

ఏమని చెప్పను? మా చెల్లి అనాలి. మా చెల్లి నా పక్కనే నిలబడి ఉంది, ఆయన్ని చూసి నవ్వుతోంది. లెక్క తప్పు చెప్పానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, ఆయనదీ పోతుంది. అలా ఆలోచించాను. ఆ క్షణంలో, అదే ఆలోచించాను. ఇంటికి నడుస్తుంటే ఫోను ఇంకో నాలుగుసార్లు మోగింది. ఎత్తలేదు. అయిదోసారి నేనే చేశాను. స్విచ్చాఫ్.

మర్నాడు మొదటి కారులో నేనే పైకి వెళ్లాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. షట్టర్ ఎత్తాను. ఎవరూ లేరు. అరిచాను. బాత్రూములు, మెట్లదారి, అన్నీ. ఎవరూ లేరు. మూల బెంచీ మీద కూలబడబోయి చెయ్యి ఆనించాను.

వెచ్చగా ఉంది. ఇప్పుడే మనిషి లేచి వెళ్లినట్టు.

ఆరోజు టీ తాగుతూ మాటల్లో అడిగాను. "బాబాయ్, నిన్న నన్ను లెక్కపెట్టలేదు కదూ?"

"ఆలోచిస్తే గుర్తొచ్చిందమ్మా. పెట్టాను. ఏడోదానివి నువ్వు. నీ వెనక ఎవరూ లేరు, కాసేపు ఖాళీ. ఆ తర్వాత ఎనిమిది." గ్లాసు కిందపెట్టి నా మొహం చూశాడు.

ఇంట్లో అంతా బాగుంది. చెల్లి కుంటడం లేదు. అమ్మతో గొడవ పడటం లేదు. పెట్టింది తింటుంది, కడిగి బోర్లిస్తుంది. "కొండగాలి పడిందే దీనికి, బంగారంలా తయారైంది" అని అమ్మ మురిసిపోతోంది. దిష్టి తగులుతుందని ఇరుగుపొరుగుకి చెప్పడం లేదట. నన్ను కండక్టరమ్మా అని ఒక్కసారైనా పిలుస్తుందేమోనని ఎదురు చూశాను. పిలవలేదు. నేను రోజూ పొద్దున్నే అందరికంటే ముందు పైకి వెళ్తాను. ఆ బెంచీ పక్కన నేలమీద కాసేపు కూర్చుంటాను. తప్పయిపోయిందని చెబుతాను. రోజూ అది వెచ్చగానే ఉంటుంది. రోజూ ఎవరూ ఉండరు.

నిన్న నాకు సెలవు. రాత్రిళ్లు నిద్ర లేక మధ్యాహ్నం కన్ను మూతపడింది. సాయంత్రం బాబాయ్ ఫోనుకి లేచాను.

"మీ అమ్మా చెల్లీ పైకి వచ్చార్రా ఇవాళ. చెల్లి తీసుకొచ్చిందట. శిఖరం దాకా నడిచారు. ఇప్పుడే ఆఖరి కారులో దిగారు."

"లెక్క సరిపోయిందా బాబాయ్?"



"మంచు బాగా ఉందమ్మా," అన్నాడు. "ఒకరు తక్కువొచ్చారు. సెలవులో వచ్చిన మనవాళ్లెవరినో డ్యూటీలో ఉన్నారనుకుని వదిలేశానేమో అని మీ చెల్లే చెప్పింది. సరేలే అనుకున్నా."

పొద్దున నేను బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఎప్పుడూ ఆలస్యమైందని, జుట్టు దువ్వుకోలేదని, ఏదో ఒకటి తిట్టకుండా పంపదు. ఇవాళ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

పైకి వచ్చి షట్టర్ ఎత్తాను. మూల బెంచీ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఇంకాస్త పక్కకి జరిపాను, చల్లటి చెక్క తగులుతుందని.

అక్కడా వెచ్చగానే ఉంది.