ట్యాంకు గోడ పెచ్చు

ఠంగ్!

సుత్తి దెబ్బకి గోడ పెచ్చు ఊడింది. ల్యాబ్ టెక్నీషియన్ దాన్ని చప్పున సంచిలో వేసుకుంటుంది.

బయట మిట్టమధ్యాహ్నం. ఊరి మంచినీళ్ళ ట్యాంకు లోపల మాత్రం కటిక చీకటి. పైన మూత తీసిన చోట పడే వెలుగొక్కటే దిక్కు.

కడగడానికి ఇవాళే ఖాళీ చేశారు. సాయంత్రం మళ్ళీ నింపేస్తారు. ఈలోపే పని కానివ్వాలి!

కాంక్రీటులో ఫ్యాక్టరీ బూడిద కలపడం తప్పేం కాదు. మంచి బూడిద సరైన పాళ్ళలో కలిపితే గోడ దాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ కలిపింది పారబొయ్యాల్సిన చెత్త బూడిద. నీళ్ళు నిలిస్తే చాలు... గోడలోంచి క్రోమియం అనే విషం ఊరుతుంది. కుళాయి నీళ్ళలో దొరికింది అదే.

మరి నాణ్యత టెస్టుకిచ్చిన కాంక్రీటు దిమ్మలు? శుభ్రంగా పాసయ్యాయి! వాటిని వేరే కాంక్రీటుతో పోశాడు కాంట్రాక్టరు. ఆ ఘనుడు ఎవరో కాదు, స్వయానా ఆమె బావ, అక్క మొగుడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పెచ్చు పట్టిస్తుంది!

ధన్!

మూత పడింది. వెలుగు పోయింది.

బావ వచ్చేశాడు! పైన కాపలా ఉన్నది అక్క. బావ జేబులోంచి తాళంచెవి తెచ్చిచ్చిందీ అక్కే. ఫోను కూడా అక్క దగ్గరే ఉంది...

తడుముకుంటూ నిచ్చెన ఎక్కుతుంది. మూతని తోస్తుంది. కదలదే!

"అక్కా! పారిపో! నా సంగతి వదిలెయ్!"

గాలి గొట్టంలోంచి అక్క గొంతు వినిపించింది.

"ఎక్కడికే పారిపోయేది? తాళం వేసింది నేనే."



"అక్కా... ఇది జోకులేసే టైమా? తియ్యక్కా!"

"మీ బావ జైలుకెళ్తే నా సంసారం ఏం కావాలి? నిండా మునిగాం. ఇంకా చలేంటే?"

"నీ కూతురు తాగేదీ ఈ నీళ్ళేనక్కా!"

"దానికి మొదట్నుంచీ క్యాన్ నీళ్ళే పట్టిస్తున్నా."

తెలుసు! అక్కకి అంతా తెలుసు! ఇక మిగిలింది ఒక్క మాటే.

"మరి అమ్మకి?"

ఆమె మూతని పిడికిలితో గుద్దింది.

"అమ్మకి కూడా క్యాన్ తెప్పిస్తున్నావా? చెప్పక్కా!"

పైన ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అక్క ఏడుస్తోంది. తర్వాత ఇనుము కిర్రుమంది.

తాళం తీస్తోంది! అమ్మ మాటెత్తేసరికి కరిగిపోయింది! ఆమె రెండు చేతులా మూతని పైకి తోసింది.

మూత కదల్లేదు.

తిరిగింది ట్యాంకు నింపే వాల్వు చక్రం.

నీళ్ళు భళ్ళున ఆమె నెత్తిమీద పడుతున్నాయి.