సీల్ తియ్యని మెగ్నీషియం సీసా

చచ్చినవి కోట్లు. ఏడ్చేది మాత్రం ఒక్కత్తే.

సెండాయ్ నగరంలో ఒక యూనివర్సిటీ లాబ్‌లో, తెల్లారేసరికి చిక్కబడాల్సిన బ్యాక్టీరియా ఫ్లాస్కులోనే చచ్చి ఊరుకుంది. "ఎవడో విషం కలిపాడు!" అని ప్రొఫెసర్ కురాతా కేకలేసి పోలీసుల్ని పిలిచాడు.

ఇన్‌స్పెక్టర్ మినెగిషి వచ్చేసరికి, కురాతా స్టూడెంట్ త్సుజీ క్షమాపణగా నడుం వంచి నిలబడి ఉంది. ముఖానికి మాస్కు.

"తప్పు నాదే మేడమ్. విషం నేనే కలిపాను."

సాయంత్రానికల్లా ఆ పిల్లని యూనివర్సిటీ నుంచి గెంటేస్తారు. చదివిన చదువంతా గంగపాలు.

"ఏం విషం?"

"అదే... బ్లీచ్. వాటికి తిండిగా పోసే మీడియంలో."

"ఎంత పోశావు?"

త్సుజీ మాస్కు సర్దుకుంది. పోసిన మనిషికి ఆమాత్రం గుర్తుండదూ? చోద్యం కాకపోతే!

మినెగిషి పక్క ఫ్లాస్కు ఎత్తింది. గంజిలా చిక్కగా ఉంది.

"ఇదేంటి సార్?"

"మామూలు బ్యాక్టీరియా. పోల్చి చూసుకోడానికి."

"రెండింటికీ పోసిన మీడియం ఒకటేనా?"

"ఒకే సీసాలోది."

"మరి అందులో విషం ఉంటే ఇదెలా బతికింది?"

కురాతా నుదురు తుడుచుకున్నాడు.

"చచ్చినదానికీ దీనికీ తేడా ఏంటి?"

"బ్యాక్టీరియా పొరకి ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు కావాలి. పొర దగ్గరుండే ఎంజైములే దాన్ని తయారుచేస్తాయి. చచ్చినదాంట్లో ఒక ఎంజైము లేకుండా చేశాం. ముఖ్యమైన కొవ్వు తయారవదు. మెగ్నీషియం దండిగా పోస్తేనే దాని పొర నిలబడుతుంది."

"పోయకపోతే?"

"...చస్తుంది."

మినెగిషి అల్మారాలోంచి మెగ్నీషియం సీసా తీసింది. కొత్తది. సీల్ అలాగే ఉంది.

"పాత సీసా ఏదమ్మా?"

"మొన్ననే అయిపోయింది మేడమ్."

"అంటే ఎవరూ ఏమీ కలపలేదు. కలపాల్సింది మర్చిపోయారు. నిన్న మీడియం ఎవరు చేశారు?"

"నేనే!" అంది త్సుజీ గబుక్కున.

"నిన్న నువ్వు జ్వరంతో మధ్యాహ్నమే వెళ్లిపోయావని వాచ్‌మన్ చెప్పాడు."



"నేనే చేశాను," అన్నాడు కురాతా చివరికి. "ఈ పిల్ల వణికిపోతుంటే ఇంటికి పంపాను. చేతికి పాత అలవాటు. మామూలు మీడియమే చేసి పోసేశాను."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఈ పిల్ల తల వంచినప్పుడు. నిన్న ఇక్కడ లేని మనిషి నాకోసమే అబద్ధమాడుతోందని అర్థమైంది. అప్పుడే నోరు విప్పాల్సింది. పరువు అడ్డొచ్చింది. ఛీ, నేనేం మనిషిని!"

"నాకు జ్వరం రాకపోతే మీకీ ఖర్మ పట్టేది కాదు సార్," అంటూ త్సుజీ వెక్కివెక్కి ఏడ్చింది.

కురాతా ముందు డీన్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. తర్వాత త్సుజీ ముందుకొచ్చి, నడుం దాకా వంగాడు. ఆ పిల్ల కంగారుపడి అంతకన్నా కిందికి వంగబోయింది.

"నువ్వొద్దమ్మా," అన్నాడాయన నేలని చూస్తూ. "ఈసారి నేనొక్కణ్ణే."