తాలు అడిగిన మనిషి

"విదేశీ ముఠా ఒకటి మన మిర్చి మీద కన్నేసింది," అంది నిఘా విభాగం చీఫ్ కోటిరత్నం.

గుంటూరు మిర్చి యార్డు పక్కనున్న ఓ టెక్ కంపెనీ, కోల్డ్ స్టోరేజీల్లోని మిర్చినంతా కంప్యూటర్లో లెక్కగట్టి రేపటి ధర చెబుతుంది. దానికిప్పుడు ఫైనాన్షియల్ ప్లానింగ్ మేనేజర్ కావాలి. ఆ కుర్చీలో ముఠా తన మనిషిని కూర్చోబెట్టబోతోంది. ఆపాలి.

ఏజెంట్ కోటేష్ కన్సల్టెంట్ వేషంలో, జేబులో కెమెరా పెన్నుతో ఇంటర్వ్యూ ప్యానెల్లో చేరాడు. పక్కన శ్రీదివ్య. కంపెనీ డేటా హెడ్, చీఫ్‌కి రహస్య ఇన్‌ఫార్మర్. అందమూ సెంటూ రెండూ మోతాదు మించినవే. ముఠా కోడ్ వర్డ్ 'తాలు' అనీ, ఆ మాట ఎవరి నోట వస్తే వాళ్ళే దొంగలనీ చెవిలో చెప్పింది.

తాలంటే రంగుపోయి తెల్లబారిన మిరపకాయ. కోటేష్‌కి ఆ సంగతి బాగా తెలుసు. ఎలా తెలుసని అడుగుతారేమోనని నోరు మూసుకున్నాడు.

చివరికి ఇద్దరు మిగిలారు. దుబాయ్ నుంచి వచ్చిన వాసిం స్టాకు చార్టు చూసి అద్భుతమన్నాడు. పెదకాకాని సమీరా చూసి, "ఇందులో తాలెంత తీసేశారండీ?" అంది.

మరుక్షణం కోటేష్ ఆమెని పక్కగదిలోకి తీసుకెళ్ళి ఫోన్ లాక్కున్నాడు. అవతల వాసింకి ఆఫర్ లెటర్ ప్రింటవుతోంది.

సమీరా బెదరలేదు. "మీది ఏ ఊరండీ?"

"హైదరాబాద్."

"అయితే మీకు తెలీదులెండి. తాలు కూడా మేలుకాయలో కలిపి చూపిస్తే సరుకు కొండంత కనబడుద్ది. రేటు పడిపోద్ది. రైతు మునుగుతాడు, బయటోడు చవగ్గా కొంటాడు. యార్డు మొహం చూసినోళ్ళెవరైనా ముందు అడిగేది అదే."

కోటేష్ చెవులు సిగ్గుతో వేడెక్కాయి. ఇదే యార్డులో ఇరవయ్యేళ్ళు తాలు ఏరి అతన్ని చదివించింది వాళ్ళమ్మ. సర్వీస్ ఫైల్లో మాత్రం అతను అమ్మ టీచర్ అని రాసుకున్నాడు.

తాలు గురించి అడిగేవాళ్ళని తప్పించడానికే శ్రీదివ్య ఆ కోడ్ వర్డ్ కల్పించిందని అర్థమై పరుగెత్తాడు. మాస్టర్ లాగిన్ కోసం వాసిం బొటనవేలు స్కానర్ మీద ఆనబోతోంది. కోటేష్ వైరు పీకేశాడు. స్క్రీన్ నల్లబడింది.

బేడీలు పడుతున్నా శ్రీదివ్య నవ్వింది. "నీ గురించి అంతా కనుక్కునే నిన్ను నమ్మించాను. కన్నతల్లి పనినే దాచుకున్నవాడు తాలు ఊసెత్తడని తెలుసు."

ఉద్యోగంలో చేరాక కోటేష్ ఇంతగా తల వంచుకున్నది ఎప్పుడూ లేదు.

సమీరాకి ఫోన్ తిరిగిచ్చాడు. "తప్పు నాదండీ. మాది చిలకలూరిపేట. మా అమ్మ ఈ యార్డులోనే తాలు ఏరేది."

"ఈ చుట్టుపక్కలోళ్ళేనని ముందే అనుకున్నా," అంది సమీరా, కొత్త ఆఫర్ లెటర్ మీద తన పేరు సరిచూసుకుంటూ. "పొద్దున్నుంచీ ఈ యార్డు మిర్చి ఘాటుకి బయటోళ్ళంతా దగ్గి చస్తున్నారు. మీరు ఒక్కసారి కూడా దగ్గలేదు."

ఏడేళ్ళ ట్రైనింగ్‌లో కోటేష్‌కి పదహారు మారువేషాలు నేర్పారు. దగ్గడం మాత్రం ఎవరూ నేర్పలేదు.