మిరపాకు సాక్ష్యం

1997. సోమవారం ఉదయం తొమ్మిది గంటలు. తమిళనాడులో వేలూరు కోట ఎదుట, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద సీక్రెట్ సర్వీస్ చీఫ్ నాగలింగం ఒక ఫోటోను బల్ల మీదకు తోశాడు. అందులో మాడిపోయిన మిరపచేను ఉంది.

"పొన్నై ఊరి పక్కన. పది దినాలకు ముందు పచ్చగా ఉండె. బాక్టీరియా! స్కార్లెట్ సిండికేట్ పని. మన చేలు ఎండితే వాళ్ల విత్తనం అమ్ముడుపోతాది. శుక్రవారం గుడియాత్తం సర్కారు తోటలో రైతులకు విత్తనాలు పంచుతారు. దెబ్బ ఆ దినమే."

"నేను రెడీ సార్," అంది ఏజెంట్ 17, గోమతి.

"నువ్వు సపోర్టు. లీడ్ యోగిత."

గోమతి ఫోటోను వెనక్కి తోసింది. మూడేళ్లలో నాలుగు కేసులు ఛేదించింది తను. ఆరు నెలల క్రితం చేరి, నల్లకళ్లద్దాలు తప్ప ఇంకేమీ మోయని యోగిత లీడ్!

మంగళవారం గోమతి సర్కారు తోటలో సున్నం తట్ట నెత్తిన పెట్టుకుంది. అక్కడ కొత్త గోడ కడుతున్నారు. ఆమె పుట్టింటివాళ్లు పొన్నైలో మేస్త్రీలు, కనుక కూలిమనిషి వేషానికి రిహార్సల్ అక్కర్లేదు. యోగితకు మాత్రం షావుకారు కూతురి వేషం, మారుతి కారు.

తోటలో మొక్కల డాక్టరు హేమనాథ్ ఉన్నాడు. రెండేళ్ల క్రితం ఒక కేసులో పరిచయమైనప్పటి నుంచి గోమతి మనసు అతని దగ్గరే ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు. తోటలోని మిరపచెట్లకైనా తెలుసేమో గానీ అతనికి తెలియదు.

"ఈ చెట్టును చూడు గోమతీ," అన్నాడు ఒక కుండీ చూపించి. "దీనికి నెత్తురు లేదు, పోలీసు లేడు. ఒక్కొక్క కణమూ కాపలాదారే. ఆ క్రిమి లోపలికి ఒక ప్రోటీన్ పంపిస్తాది. దాన్ని పసిగట్టిన కణం పక్కవాటికి కబురు చెప్పి, తానే చచ్చిపోతాది. క్రిమి ఆడే ఆగిపోతాది. ఒక దినంలో ఆ చోటు ఎండిపోతాది, మిగతా చెట్టు పచ్చగా ఉంటాది. రైతుల చెట్లకు ఈ గుర్తుపట్టే గుణం లేదు. ఒళ్లంతా అప్పజెప్పేస్తాయి."

తనతో అతను ఇంతసేపు మాట్లాడింది అదే మొదలు. అదీ చెట్టు గురించి.

బుధవారం యోగిత కారు దిగింది. "ముఠా సీసా. మోర్ధానా డ్యామ్ కట్టే కాడ పట్టుకుంటిని. కేసు ముగిసినట్టే," అంటూ ఒక సీసా హేమనాథ్ చేతిలో పెట్టింది. తర్వాత ఆంధ్రా నుంచి వచ్చిన మందు పొట్లం తీసి, దాని మీద తెలుగులో అచ్చయింది గడగడా చదివేసింది. "విత్తన శుద్ధికి. డ్రమ్ముకు ఒకటి కలిపి నానబెట్టాల."

"నీకు తెలుగు చదివేకి వస్తాదా!" హేమనాథ్ నోరు తెరిచాడు. అతని ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ బళ్లో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు రావు. గోమతిదీ అదే కథ. గోడ వెనక ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఒకటి తట్టింది. అసూయ కొద్దీ యోగిత ఫైలు ఆమె మూడుసార్లు చదివింది. 'గుడియాత్తం బజారులో పుట్టి పెరిగినది. తెలుగు మాట్లాడును. చదవనేరదు.'

ఎస్టీడీ బూత్ నుంచి చీఫ్‌కు ఫోన్ చేసి, యోగిత ఫైలు అబద్ధమనీ ఆమె సిండికేట్ మనిషేననీ చెప్పింది.

"ఇది అనుమానమా, కుళ్లా?" అన్నాడు నాగలింగం.

"రెండూ సార్."

"కుళ్లుకు వారంట్ ఇయ్యరమ్మా. ప్రూఫ్ తీసుకురా."

గురువారం ఉదయం యోగిత పొట్లాన్ని డ్రమ్ము నీళ్లలో కలిపింది. ఆమె అటు తిరగగానే గోమతి సూదిలేని సిరంజీ తీసింది. హేమనాథ్ చూపించిన కుండీలోని మిరపచెట్టు ఆకుకు ఎడమ సగంలోకి సీసాలోది ఎక్కించింది. కుడి సగంలోకి డ్రమ్ము నీళ్లు.

శుక్రవారం తొమ్మిదిన్నర. రైతులు క్యూ కట్టారు. గోమతి ఆకు తిప్పి చూసింది. ఎడమ సగం పచ్చగా ఉంది. కుడి సగం ఎండి గోధుమరంగుకు తిరిగింది.

"ఎవరు చేసినారు ఇది?" వెనక నుంచి హేమనాథ్ అరిచాడు.

"నేనే సార్. పచ్చగా ఉండేది యోగిత సీసా. ఎండింది డ్రమ్ము నీళ్లు."

అతని ముఖం పాలిపోయింది. "సీసా డమ్మీ! క్రిమి డ్రమ్ములో ఉండాది! ఆ విత్తనం చేలల్లోకి పోతే ఈ తాలూకాలో ఒక్క చెట్టు మిగలదు!"

గోమతి గోడ దగ్గరున్న, ఇంకా నీళ్లు తగలని రాతి సున్నం తట్ట ఎత్తుకుని పరిగెత్తింది. యోగిత అప్పుడే మొదటి విత్తనాల సంచిని డ్రమ్ము మీదకు ఎత్తుతోంది.

"సంచి దించు!"

యోగిత నవ్వి లిప్‌స్టిక్ తీసింది. దాని మూతలో పిస్తోలు ఉంది. "కూలిదానివి, నీకిక్కడ పనేంటి?"

గోమతి తట్టను డ్రమ్ములోకి బోర్లించింది. డ్రమ్ము కుతకుత ఉడికి ఆవిరి ఎగసింది. తూటా రేకుల కప్పులోకి పోయింది. సంచి నీళ్లకు జానెడు ఎడంలో పక్కకు దొర్లింది. గోమతి చెయ్యి యోగిత మణికట్టు మీద పడేసరికి, క్యూలో తలపాగా చుట్టుకుని నిలబడ్డ నాగలింగం బేడీలతో వచ్చేశాడు. ఆ సున్నపు వేడిలో ఏ క్రిమీ బతకదు.

"నా వేషంలో తప్పేంటి?" అంది యోగిత పళ్లు కొరుకుతూ.

"తప్పు లేదు తల్లీ. మాకు రానిది నీకు వచ్చినాది, అంతే," అంది గోమతి.

హేమనాథ్ రొప్పుతూ వచ్చాడు. కళ్లల్లో నీళ్లు. గోమతి ముఖం మీది సున్నం తుడుచుకుని కొంగు సర్దుకుంది.

"గోమతీ! ఎంత చక్కగా గుర్తుపట్టిందో చూసినావా? ఇంత అందమైనదాన్ని నా జన్మలో చూడలేదు!" అంటూ అతను చెంబుతో నీళ్లు ముంచుకుని మిరపచెట్టు దగ్గరకు పరిగెత్తాడు.

గోమతి ఆ చెట్టు వైపు గుర్రుగా చూసింది. గవర్నమెంటు ఆస్తి కాబట్టి అది బతికిపోయింది.