అక్కా అన్నందుకు

ఆ కాలనీలో ఇళ్లు కంపెనీవి, ఉద్యోగాలు కంపెనీవి, పని నుంచి వచ్చాక ఆడుకునే ఆట కూడా కంపెనీదే. కళ్లకు మాస్కు తగిలించుకుంటే చాలు, గోడలు పోయి తోటలూ మేడలూ వచ్చేస్తాయి. ఆడనివాళ్లకు ఇల్లు ఖాళీ చేయమని కబురొస్తుంది కనక అందరూ ఆడతారు. చచ్చినవాళ్లు కూడా ఆడతారు. వాళ్లు ఎలా నవ్వేవాళ్లో, ఎలా అలిగేవాళ్లో అంతా కంపెనీ దగ్గర భద్రంగా ఉంటుంది మరి.

చిన్నావిడ మొగుడు రోజూ ఆ తోటలో పెద్దావిడను కలుసుకునేవాడు. పెద్దావిడంటే పోయిన మొదటి పెళ్లాం. చిన్నావిడకు ఒళ్లు మండిపోయేది. బతికున్న సవతయితే జుట్టు పట్టుకునైనా తేల్చుకోవచ్చు, చచ్చినదానితో ఏం పోట్లాడుతుంది? ఆటలో ఆవిడ ఖాతా మూసేయమని కంపెనీ ఆఫీసుకు వెళ్లి అడిగితే, "ఎవరి ఖాతా అయితే వాళ్లే వచ్చి అడగాలమ్మా" అని పంపేశారు. మాస్కు కింద మొగుడి పెదాలు నవ్వుతుంటే గుమ్మంలో నిలబడి చూసేది. ఆ నవ్వు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తనకేసి తిరిగితే చాలనుకునేది.

"నన్నూ ఆ తోటకు తీసుకెళ్లకూడదూ?" అని అడిగిందొకసారి.

"నీకెందుకే ఆ గోల? ఒకవేళ ఎప్పుడైనా వెళ్లినా, అక్కడ ఎవర్నీ వరస కలిపి పిలవకు. పిలిచావంటే కంపెనీ మీ ఇద్దర్నీ ఒకే ఖాతాలో కలిపేస్తుంది. మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదు."

ఆమె పని కంపెనీ మరమ్మతు గదిలో, మాస్కులకు అరిగిన స్పాంజి పీకి కొత్తది అంటించడం. వాడగా వాడగా స్పాంజిలో మనిషి ముఖం దిగిపోతుంది. వేలితో తడిమి ముక్కెంతో బుగ్గెంతో చెప్పేయగలదు. ఒక సెలవునాటి మధ్యాహ్నం, మొగుడు బయటికెళ్లాక, బీరువా మీంచి పెద్దావిడ మాస్కు దించింది. లోపల సన్నటి కోలముఖం అచ్చు. దాన్ని కసిగా పీకి పారేసి కొత్త స్పాంజి అంటించింది. తనది గుండ్రటి ముఖం, చప్పిడి ముక్కు. ఇక ఇది నాది అనుకుంటూ తగిలించుకుంది.

తోటలో ఎండ లేదు. తడిమట్టి వాసన వేస్తోంది. మాస్కులో వాసనలు రావని ఆమెకు బాగా తెలుసు. ఆకులు కదలడం లేదు గానీ గలగలలు వినిపిస్తున్నాయి. బెంచీ మీద ఒకావిడ అటు తిరిగి కూర్చుని, కుడిచెవి పోగు మెల్లగా తిప్పుకుంటోంది.

చిన్నావిడ మాటలన్నీ కూడబెట్టుకునే వచ్చింది. నా మొగుణ్ని వదిలెయ్. పోయినదానివి పోయినట్టుండు. సిగ్గులేదా? అన్నీ నాలుక చివరే ఉన్నాయి.

ఆవిడ తల తిప్పింది...

బుద్ధెరిగినప్పటి నుంచీ తనకన్నా పెద్దావిడ ఎదురైతే నోటికి ఏ మాట వస్తుందో, ఆ మాటే వచ్చేసింది.

"అక్కా..."

గలగలలు ఆగిపోయాయి.

"చెల్లీ," అంది ఆవిడ గుసగుసగా. "ఎప్పుడు పిలుస్తావా అని చూస్తున్నా."

"నేను... పోట్లాడదామని..."

"తెలుసు. నీ మీద నాకు మాత్రం మంట లేదనుకున్నావా? ఆయనొచ్చి తలుపు తడితే తీసేది నువ్వు కదా."

ఆవిడ లేచింది. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి... బుగ్గకు చల్లగా ఏదో ఆనింది. చిన్నావిడ మాస్కు లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. రాలేదు... రెండు చేతులా పీకింది. ఊడింది.

గది. బీరువా. కుర్చీ. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. మాస్కు చేత్తో పట్టుకునే వెళ్లి తీసింది.

మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమెను చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా నవ్వాడు. ఇన్నాళ్లూ మాస్కు కింద తను చూసి ఏడ్చిన నవ్వది.

"వచ్చావా..." అన్నాడు.

ఆమెకు కళ్లు చెమర్చేంత సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే, అలవాటు కొద్దీ, బొటనవేలు కొత్త స్పాంజిని తడిమింది. లోపల ముఖం దిగి ఉంది. సన్నటి, కోలముఖం. మళ్లీ తడిమింది. పొరపాటేం లేదు.

తన ముఖం తడుముకుందామని చెయ్యెత్తింది. చెయ్యి అక్కడిదాకా వెళ్లలేదు. కుడిచెవి దగ్గర ఆగి, పోగు మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.