పిల్ల బతికిందా?

తెర మీద ఇంకో కారు పేలింది. నర్మద ఆవులించింది.

జగిత్యాలలో మధ్యాహ్నం ఆట. నరేశ్ మామ తనకు సెలవు దొరకగానే నర్మదను బండి మీద తీసుకొచ్చాడు. రెండేళ్లు ఎదురుచూసిన సినిమా, రెండో భాగం. మొదటి భాగంలో ఒక్క కారు పేలితే బడి మొత్తం దాని గురించే మాట్లాడుకుంది. ఇందులో కనబడ్డ కారల్లా పేలుతోంది, ఒక్కటీ గుర్తుండడం లేదు. హీరో కొడుతూనే ఉన్నాడు. విలన్లు వస్తూనే ఉన్నారు. కొట్టేవాడికి విసుగు రాలేదు కానీ చూసేవాళ్లకు వచ్చింది.

"మామా, ఇంకెంత సేపు?"

"ఇంటర్వెల్ ఇప్పుడే అయింది గదనే!"

తర్వాత ఏమైందో నర్మదకు తెలియదు. మామ భుజం తట్టి లేపేసరికి హాల్లో లైట్లు వెలిగాయి.

కోరుట్లకు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఎండకు, దుమ్ముకు నర్మద తల పగిలిపోతోంది. ఇంటి అరుగు మీద అవ్వ బీడీలు చేస్తోంది. పక్కనే పక్కింటి దేవవ్వ, ఒళ్లో చాట. పొద్దంతా ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి దేవవ్వ వేళ్లు కొంకర్లు పోతాయి. సినిమాకు పోయే తీరిక ఆమెకు ఎన్నడూ లేదు. నర్మద చూసొచ్చి చెప్పే కథే ఆమెకు సినిమా. కథ వింటుంటే చేతుల నొప్పి తెలియదంటుంది.

మొదటి భాగం చివర్లో హీరో చిన్నకూతురు వంతెన మీది నుంచి గోదావరిలో పడిపోయింది. కథ అక్కడే ఆపేశారు. అప్పటినుంచి దేవవ్వకు ఒకటే ఫికర్.

"అచ్చినవా బిడ్డా! పిల్ల బతికిందా?"

నర్మద గతుక్కుమంది. ఆ ముక్క తను చూడనే లేదు. నిద్రపోయానంటే నవ్వుతారు. బతికిందంటే ఎట్లా బతికింది, ఎవరు తీశారు అని దేవవ్వ ఇంకా సవాలక్ష అడుగుతుంది. అంత ఓపిక ఎవరికుంది?

"సచ్చిపోయింది," అనేసి లోపలికి పోయింది.

దేవవ్వ చేతులు ఆగిపోయాయి. "అయ్యో, పసిది..." అంది. కాసేపటికి చాట ఎత్తుకొని ఇంటికి వెళ్లిపోయింది. రోజూ చీకటి పడ్డా అరుగు దిగని మనిషి.

నర్మద కిటికీలోంచి అంతా చూసింది. తాగుతున్న నీళ్ల గ్లాసు పక్కన పెట్టేసింది. చాయ తాగుతున్న మామ దగ్గరికి వెళ్లింది.

"మామా, ఆ నీళ్లల్ల పడ్డ పిల్ల ఏమైంది?"

"బతికింది. జాలరోళ్లు తీసిండ్రు. సినిమా మొత్తంల గదొక్కటే మంచిగుండె. నువ్వేమో గురక పెడుతున్నవ్!"

నర్మదకు సిగ్గేసింది. ఉన్న ఆ ఒక్క మంచి ముక్కను కూడా తనే పాడుచేసింది. అరుగు మీది నుంచి అవ్వ తలెత్తి ఒక్క చూపు చూసి, మళ్లీ ఆకు కత్తిరించసాగింది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

కాళ్లు పీకుతున్నా చెప్పులు వేసుకుంది. దేవవ్వ గడపలో కూచుని ఉంది. చాటలో ఆకు అట్లాగే ఉంది.

"దేవవ్వా, పిల్ల బతికిందట. నేను జూడలే, నిద్రపోయిన. ఉత్తగనే సచ్చిందన్న."

"నా పాణం తీస్తివి గదనే!" దేవవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత మెల్లగా అంది, "నిద్రొచ్చిందంటే నేనేమన్న అంటనా? నాకు రోజూ చాట మీదనే అస్తది."

నర్మద పక్కన కూలబడి కథ మొదలుపెట్టింది. పేలిన కార్లన్నీ చెప్పింది. విసుగొచ్చిన చోట విసుగొచ్చిందనే చెప్పింది. వింటూ వింటూ దేవవ్వ కూడా ఆవులించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

"మరి నీళ్లలకెల్లి తీసినంక పిల్ల ఏడుండె? ఎవలు సాకిండ్రు?"

ఒక కథ నర్మద నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"తెల్వది దేవవ్వా. గప్పుడు నేను పండుకున్న."

"గట్లయితే గా ముచ్చట నేను జెప్త," అంది దేవవ్వ. ఆమె వేళ్లు మళ్లీ కదిలాయి. "రెండేండ్ల సంది అనుకుంటనే ఉన్న. చెన్నూరు కాడ గోదారి ఒడ్డున ఒక ముసలామె ఉంటది. ఆమెకెవ్వలు లేరు. బీడీలు చేస్కొని బతుకుతది. జాలరోళ్లు పిల్లను తెచ్చి ఆమె ఒళ్లె పెట్టిండ్రు..."

నర్మద మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని వింది. ఈసారి ఒక్క ఆవులింత కూడా రాలేదు.