గాలికనుమ మీద తొమ్మిదీ పన్నెండు

చచ్చినవాడి జేబులో మూడు కాగితాలు దొరికాయి. ఒకటి తిరుపతి లాడ్జి రసీదు. రెండోది నాలుగు రోజుల ట్రెక్కింగ్‌కి పేరు నమోదు చేసుకున్న ప్రింటవుట్. మూడోదాని మీద ఒక ఫ్రీక్వెన్సీ, దాని కింద 'సోమవారం 9:12' అని పెన్సిల్ రాత.

"కాఫీలో విషం," అన్నాడు చీఫ్ సంపత్కుమార్.

బస్టాండు వెనక జిరాక్స్ షాపు మేడ మీద ఆయన ఆఫీసు. నుదుటి నామం చెదరకుండా పదకొండేళ్ళుగా దేశ రహస్యాలు నడుపుతున్న మనిషి. ఎదురుగా ఏజెంట్ మునిశేఖర్ ముక్కు చిట్లించుకుని కూర్చున్నాడు. గదిలో ఎక్కడో ఎలుక చచ్చినట్టుంది.

"సోమవారం తొమ్మిదీ పన్నెండుకి తీరం నుంచి రాకెట్ లేస్తాది. ఆ నిమిషంలో ఈ ఫ్రీక్వెన్సీ మీద దొంగ కమాండ్ పోయిందంటే అది తిరగబడి ఒడ్డున పడతాది. సముద్రంలో కాదప్పా, ఊళ్ళ మీద. దీని వెనక ఏ దేశం ఉండాదో నీకనవసరం. కమాండ్ పంపాలంటే అడ్డం లేని ఎత్తు కావాల. అంటే గాలికనుమ. ఆడికి రోడ్డు లేదు. బ్యాగు మోసుకోని నడిచే పోవాల."

"రాకెట్ ఆపొచ్చు కదా సార్?"

"అడిగినాను. లాడ్జిలో ఎవడో చస్తే రాకెట్ ఆపేదా అన్నారు."

"పోలీసుల్ని పంపండి."

"ఖాకీని చూస్తే వాళ్ళు ఇంకో కొండెక్కుతారు. ట్రెక్కింగ్ గుంపులో ఎనిమిది మంది. ఒకడు ఈ పని మీదుండే ముఠా మనిషి. ఒకరు ముఠాలో ఉండే మన మనిషి, వాళ్ళే వచ్చి నీకు కోడ్ చెప్తారు. నువ్వు చిత్తూరు బ్యాంకు క్లర్కువి, ఒళ్ళు తగ్గించుకోను పోతా ఉండావు."

మునిశేఖర్ మ్యాప్ చూశాడు. ఒడ్డున మూడో చుక్క దగ్గర వేలు ఆగిపోయింది. ఆ ఊరి బళ్ళో అతని అక్క లోకేశ్వరి టీచరు. సోమవారం తొమ్మిదింటికి పిల్లల్ని వరసగా నిలబెట్టి ప్రార్థన చేయిస్తూ ఉంటుంది.

"సార్, మా అక్క..."

"ఎవరికీ చెప్పగూడదు," అన్నాడు చీఫ్. ఆ మాట ఆయనకీ రుచించలేదు. ఆస్తమా ఇన్‌హేలర్ లాంటిదొకటి బల్ల మీద పెట్టాడు. సిగ్నల్ డిటెక్టర్. యాభై అడుగుల్లో ఏ ట్రాన్స్‌మిటర్ ఆన్ అయినా వణుకుతుంది.

మునిశేఖర్ చీకట్లో గురి తప్పడు. ఆరు భాషల్లో అబద్ధం చెప్పగలడు. కంపు మాత్రం భరించలేడు. సొంతూరు పుత్తూరు. తండ్రి మునిరామయ్య విరిగిన ఎముకలకు కట్టు వేస్తాడు. నూరిన ఆకు, కోడిగుడ్డు తెల్లసొన, పాతగుడ్డ, చుట్టూ వెదురుబద్దలు. ఎముక అతుక్కుంటుంది, అందులో అనుమానం లేదు. కాని మూడో రోజుకి ఆ కట్టు కంపు మొదలుపెడుతుంది. ఎనిమిదో రోజుకి కుక్క కూడా లేచి అవతలికి పోతుంది. ఆ వాసనలోనే అన్నం తిని పెరిగిన మునిశేఖర్ పద్దెనిమిదో ఏట ఇల్లు వదిలాడు. అప్పటినుంచి ఎవరడిగినా చిత్తూరనే చెబుతున్నాడు.

శుక్రవారం పొద్దున కార్వేటినగరం దాటాక జీపు దింపేసింది. పద్నాలుగు కిలోల బ్యాగు, ముందు ఎద్దుమూపు కనుమ. రెండు గంటలు ఎక్కేసరికి ఆధునిక మానవుడు అసలు రూపం చూపించాడు. తడిసిన సాక్సులు బ్యాగులకు వేలాడదీసుకుని ఊపుకుంటూ నడవడం ఒక నాగరికత. ఒకడు తాగిన నీళ్ళ గొట్టం ఇంకొకడు నోట్లో పెట్టుకోవడం స్నేహం. హృషీకేశ్ అనే కుర్రాడు డ్రోన్ తెచ్చాడు కాని రెండో టీషర్టు తేలేదు. పైగా చెమటలోనే మజా ఉందంటాడు. ఇంట్లో గీజరు పెట్టుకుని, సెలవు పెట్టుకుని, ఇంత దూరం వచ్చి నెత్తురు పీల్చే పిడుదుల చేత కరిపించుకునే వీళ్ళని ఏమనాలో మునిశేఖర్‌కి ఆరు భాషల్లోనూ మాట దొరకలేదు.

గైడు పెంచలయ్య ఒక ప్రెషర్ కుక్కర్ మోసుకొచ్చాడు. నిన్నటి పప్పన్నం అంచున ఎండి ఉండగానే ఇవాళ్టిది అందులో వండుతాడు. సాయం చేద్దామని మునిశేఖర్ మూత పెట్టబోతే అది లోపలికి దిగదు, బయటికి రాదు.

"ఆ మూతకొక వాటం ఉండాది సార్," అని పెంచలయ్య లాక్కుని, అడ్డంగా దించి, సగం తిప్పి, టక్కుమని బిగించాడు. "నా పెండ్లానికీ నాకూ తప్ప ఎవురికీ రాదు."

మునిశేఖర్ చేతికంటిన జిడ్డు చూసుకుని రాయికి తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం లోహిత వచ్చి పక్కన కూర్చుంది. గుంపులో చూడబుద్ధయ్యే మనిషి ఆమె ఒక్కతే. ఎడమ చేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు.

"మీ దగ్గర ఐరాల బెల్లం ఉందా?"

"ఉంది. పాతది, నల్లబడింది."

కోడ్ సరిపోయింది. మన మనిషి.

"చేతికేమైంది?" అన్నాడు.

"బాత్రూంలో జారిపడ్డాను. వారం క్రితం పుత్తూరులో కట్టించాను. ఇప్పుడు ట్రెక్ మానేస్తే ముఠాకి అనుమానం వస్తుంది కదా!"

పుత్తూరు అనగానే మునిశేఖర్ అడుగు దూరం జరిగాడు. ఎవరు కట్టారని అడగలేదు, అడిగితే తన ఊరు బయటపడుతుంది. కట్టు వంక తిన్నగా చూడను కూడా లేదు.

"ముఠా మనిషి హృషీకేశ్," అందామె మెల్లగా. "ట్రాన్స్‌మిటర్ డ్రోన్‌లో ఉంది. ఆఖరి కనుమ దాకా తాకొద్దు. చేతిలో సాక్ష్యం ఉండగా పట్టుకోవాలి."

శనివారం చీకటిబండ కనుమ. నిలువుగా రాయి, మోకాళ్ళు దోక్కుపోయాయి. లోహిత కుడిచేత్తో అతని భుజం పట్టుకుని ఎక్కింది. దగ్గరికొస్తే గంధం సబ్బు వాసన. ఈ నరకంలో కడుపులో తిప్పనిది ఇదొక్కటే అనుకుని ఆ దారంతా ఆమె పక్కనే నడిచాడు. ఆదివారం వాన. డేరాలో నలుగురు, ఎనిమిది బూట్లు. అతను బయట తడుస్తూ కూర్చున్నాడు. కళ్ళు మూస్తే బడి ముందు అక్క, పిల్లల వరస.

సోమవారం ఎనిమిదీ యాభైకి గాలికనుమ కింది మెట్టకు చేరారు. తూర్పున నేల పల్చగా పరుచుకుని సముద్రంలో కలిసిపోతోంది. తొమ్మిదీ రెండుకి జేబులో ఇన్‌హేలర్ వణికింది. దిగువ బండ మీద హృషీకేశ్ డ్రోన్ లేపాడు.

"వెళ్ళండి!" అంది లోహిత. "నేను పైన కాపలా ఉంటాను."

మునిశేఖర్ జారుతూ, దొర్లుతూ వెళ్ళి కుర్రాణ్ణి బండకేసి అదిమిపట్టాడు.

"ఏందన్నా! రీలు కోసం అన్నా! వదులన్నా!"

డ్రోన్ దించి విప్పాడు. కెమెరా, బ్యాటరీ, అంతే. ఏ డ్రోన్ లేపినా ఇన్‌హేలర్ వణుకుతుందని అప్పుడు తట్టింది. ఆ లోగా నాలుగు రోజుల టీషర్టు అతని మొహాన్ని కప్పేసింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఛీ, ఈ గుంపులో కంపు కొట్టనిదంటూ ఏమైనా ఉందా?

ఉంది. లోహిత.

వారం కిందటి పుత్తూరు కట్టు, నిన్నంతా వానలో నానింది. పక్కనే నడిస్తే గంధం సబ్బు! గుడ్డు లేదు, ఆకు లేదు. ఉన్నవి బద్దలు మాత్రమే, అవీ వెదురు కావేమో. వాసన రాలేదని సంబరపడ్డాడు తప్ప ఎందుకు రాలేదని అడగలేదు. మునిరామయ్య కొడుకు!

"పెంచలయ్యన్నా, రా!" అని అరుస్తూ పైకి పరిగెత్తాడు. కుక్కర్ తోముతున్న పెంచలయ్య అది చేతిలో ఉండగానే వెనక పడ్డాడు.

కనుమ నెత్తిన లోహిత రెండు చేతులూ చక్కగా వాడుతోంది. కట్టు విప్పేసి ఉంది. వెదురు రంగు పూసిన లోహపు బద్దలు విచ్చుకుని యాంటెన్నా అయ్యాయి. మధ్యలో సబ్బుపెట్టె అంత డబ్బా, ఎర్రలైటు. టైము తొమ్మిదీ పదకొండు.

"లాడ్జిలో కాఫీ కలిపింది నువ్వే," అన్నాడు మునిశేఖర్ రొప్పుతూ.

"వాడు ముఠావాడే, భయపడి మీకు చెప్పబోయాడు. నేను మీ మనిషిగా ఉండటం మానేసి చాలా రోజులైంది. డబ్బా తాకకు. పగలగొట్టినా, వైరు తెంపినా ఆ క్షణమే కమాండ్ వదులుతుంది."

అతను ముందుకు దూకాడు. ఆమె చేతికర్ర గాల్లో తిరిగి అతని ఎడమ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు, అతనికి బాగా తెలిసిన చప్పుడే. దూరాన తీరం మీద తెల్లటి వెలుగు పుట్టింది. లోహిత అటు తిరిగింది.

"అన్నా, కుక్కర్!"

పెంచలయ్య విసిరాడు. అడుగున నిన్నటి పప్పన్నం. మునిశేఖర్ కుడిచేత్తో డబ్బాని బద్దలతో సహా మడిచి ఆ జిడ్డులోకి కుక్కాడు. అల్యూమినియం లోంచి సిగ్నల్ దాటదు, మూత పడాలి అంతే. ఒంటిచేత్తో మూత పెట్టాడు. దిగలేదు. తిప్పాడు. రాలేదు. లోపల ఎర్రలైటు పచ్చబడింది, కమాండ్ వదలబోతోంది.

"తప్పుకో సార్!" పెంచలయ్య మోకాలేసి కూర్చుని, అడ్డంగా దించి, సగం తిప్పాడు. టక్.

తూర్పున తెల్లటి గీత పైకి లేచింది. వంగలేదు. మేఘం దాటింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. అది కనుమరుగయ్యాక కూడా మునిశేఖర్ కుక్కర్ మీద చెయ్యి తీయలేదు. అతనికి ఏడుపొచ్చింది.

లోహిత దిగువకు పరిగెత్తింది. ఉన్నది ఒక్కటే దారి, ఆ దారిలో హృషీకేశ్ ఉన్నాడు. జరిగిన అవమానానికి మండిపోతున్నాడు. ఆమెని పడేసి మీద కూర్చున్నాడు, అదే టీషర్టుతో. అంతటి శిక్ష ఏ చట్టంలోనూ రాసిలేదు.

మర్నాడు పుత్తూరులో మునిరామయ్య కొడుకు చేతిని ఒడిలో పెట్టుకుని ఆకు అద్దాడు. కొడుకు ఆ గడప తొక్కి ఏళ్ళయింది.

"నాయనా, గుడ్డు తక్కువెయ్యి."

"నోర్మూసుకో. కంపు కొట్టకపోతే అది నా కట్టే కాదు."

అంతలో అక్క ఫోను. "నిన్న రాకెట్ సూసినావా రా? మా పిల్లోళ్ళు ఒకటే కేకలు! నువ్వేమో పడుకోనుంటావు."

"ఆ, పడుకోనే ఉండానక్కా," అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

ఎనిమిదో రోజు సంపత్కుమార్ కొత్త ఫైలుతో వచ్చాడు. గడప దగ్గరే ఆగి ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు.

"ఏందప్పా ఈ కంపు!"

"అసలుది సార్," అన్నాడు మునిశేఖర్. "కావాలంటే దగ్గరికొచ్చి చెక్ చేసుకోండి."

చీఫ్ ఫైలు గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయాడు.